గని తలుపు తెరుచుకుంది... తోడు నిలిచేదెవరు?

గోదావరిఖని, మంచిర్యాల: గోదావరికి అటు బెల్లంపల్లి, మందమర్రి, శ్రీరాంపూర్. ఇటు రామగుండం, గోదావరిఖని, సెంటినరీ కాలనీ. ఉమ్మడి ఆదిలాబాద్, కరీంనగర్ జిల్లాల్లోని ఈ బొగ్గు పట్టణాల నుంచి ఏటా ఎందరో ఆడపిల్లలు ఇంజినీరింగ్ పట్టా పుచ్చుకుని బయటికి వస్తున్నారు. తండ్రి దిగిన బాయిలోకి కూతురు ఇంజినీరుగా దిగేందుకు 2019లోనే చట్టపరమైన అనుమతి లభించింది. అనుమతి ఉంది, చదువూ ఉంది. కొరవడినదల్లా వృత్తిలో ముందు నడిచిన వారి తోడు. మహిళా ఇంజినీర్లకు అండగా నిలిచే వృత్తి సంఘాలు దేశంలో ఉన్నా, వాటి కార్యకలాపాలు గనుల ముంగిటికి చేరితేనే ఈ వెలితి తీరుతుంది.

అవసరానికి సడలిన నిషేధం

భూగర్భ గనుల్లో మహిళల పనిపై ఆంక్షలకు సుదీర్ఘ చరిత్ర ఉంది. బ్రిటిష్ పాలనలో 1929 నాటి నిబంధనలతో వారిని క్రమంగా తప్పించడం మొదలుపెట్టి, 1937 నాటికి పూర్తిగా నిషేధించారు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బొగ్గు కొరత ముంచుకురావడంతో 1943లో కొన్ని ప్రాంతాల్లో ఆ నిషేధాన్ని పక్కనపెట్టారు. యుద్ధం ముగిశాక 1946లో తిరిగి విధించారు. బొగ్గు అవసరమైనప్పుడు అడ్డురాని నిబంధన, అవసరం తీరగానే మళ్లీ అడ్డుగోడ అయిందన్నమాట.

స్వాతంత్ర్యానంతరం వచ్చిన 1952 గనుల చట్టం 46వ సెక్షన్ ఇదే విధానాన్ని కొనసాగించింది. భూగర్భంలో మహిళలకు ప్రవేశం లేదు. ఉపరితలంలోనూ ఉదయం 6 నుంచి రాత్రి 7 గంటల మధ్య మాత్రమే పని. తట్ట మోసే కూలి మహిళల రక్షణ కోసమే ఈ సెక్షన్ అని చెప్పినా, కాలక్రమంలో అది పట్టభద్రులైన ఇంజినీర్లకూ వర్తించింది. 1935 నాటి అంతర్జాతీయ కార్మిక సంస్థ 45వ ఒడంబడికలో యాజమాన్య బాధ్యతల్లోని మహిళలకు మినహాయింపు ఇచ్చే వీలుంది. మన చట్టం ఆ వెసులుబాటును ఉపయోగించుకోలేదు.

2019 జనవరిలో కేంద్ర కార్మిక శాఖ జారీ చేసిన నోటిఫికేషన్‌తో పరిస్థితి మారింది. ఓపెన్‌కాస్టు గనుల్లో రాత్రి వేళ పనికి, భూగర్భంలో పగటి వేళ సాంకేతిక, పర్యవేక్షక, నిర్వహణ బాధ్యతలకు మహిళలను నియమించుకునే వీలు కలిగింది. ఉద్యోగిని రాతపూర్వక సమ్మతి, తగిన భద్రత, సౌకర్యాలు తప్పనిసరి చేశారు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కార్మిక స్మృతులు మరో అడుగు ముందుకు వేశాయి. సమ్మతి, భద్రతా షరతులకు లోబడి అన్ని రకాల పనులకూ మహిళలు అర్హులేనని వృత్తి భద్రత, ఆరోగ్య స్మృతి స్పష్టం చేస్తోంది.

సర్టిఫికెట్ల చిక్కుముడి

గనుల్లో ఇంజినీరింగ్ పట్టా ఒక్కటే సరిపోదు. గనుల భద్రత డైరెక్టరేట్ జనరల్ (డీజీఎంఎస్) నిర్వహించే పరీక్షల్లో నెగ్గి సెకండ్ క్లాస్, ఫస్ట్ క్లాస్ మేనేజర్ సర్టిఫికెట్లు పొందాలి. అవి లేనిదే గని బాధ్యత అప్పగించరు. ఆ పరీక్షలకు కూర్చోవాలంటే నిర్ణీత కాలం గనిలో పనిచేసిన అనుభవం చూపాలి. ప్రథమ చికిత్స, గ్యాస్ పరీక్షల ధ్రువపత్రాలూ కావాలి.

చిక్కంతా ఇక్కడే. భూగర్భంలోకి దిగనివ్వనప్పుడు అనుభవం రాదు. అనుభవం లేనిదే పూర్తిస్థాయి సర్టిఫికెట్ రాదు. సర్టిఫికెట్ లేకపోతే పదోన్నతి రాదు. ఒకప్పుడు ఐఐటీల ఉమ్మడి ప్రవేశ పరీక్ష సమాచార పుస్తకాల్లోనే మైనింగ్ కోర్సుకు బాలికలు అనర్హులని రాసి ఉండేది. ఉద్యోగం ఇవ్వలేనప్పుడు సీటు ఎందుకన్నది అప్పటి వాదన. 1990ల చివరలో మహారాష్ట్రకు చెందిన చంద్రాణీ ప్రసాద్ వర్మ న్యాయస్థానం తలుపు తట్టి మైనింగ్ చదువు పూర్తి చేయాల్సి వచ్చింది.

2019 తర్వాత ఈ ముడి మెల్లగా వీడుతోంది. తెలంగాణ ఆడపడుచు రసకట్ల సంధ్య హిందుస్తాన్ జింక్ సంస్థలో పనిచేస్తూ భూగర్భ గనుల మేనేజర్ సర్టిఫికెట్ సాధించి దేశంలో తొలి వరుసలో నిలిచారు. 2021లో జార్ఖండ్‌కు చెందిన ఆకాంక్ష కుమారి సెంట్రల్ కోల్‌ఫీల్డ్స్ పరిధిలోని చురీ భూగర్భ గనిలో చేరారు. కోల్ ఇండియా భూగర్భ గనిలో అడుగుపెట్టిన తొలి మహిళా మైనింగ్ ఇంజినీరు ఆమే.

ఒంటరిగా సాగని పని

2019 నోటిఫికేషన్‌లో అంతగా చర్చకు రాని షరతు ఒకటి ఉంది. షిఫ్టులో కనీసం ముగ్గురు మహిళలు బృందంగా ఉండాలన్నది దాని సారాంశం. భద్రత దృష్ట్యా ఇది మంచి నిబంధనే. కానీ ఒక గనికి ఒక్క మహిళా ఇంజినీరే ఎంపికైతే ఆమెను కిందికి పంపడం ఎలా? తోడుగా మరో ఇద్దరు లేరన్న కారణంతో ప్లానింగ్ విభాగంలోనో, కార్యాలయంలోనో కూర్చోబెడితే ఆమెకు భూగర్భ అనుభవం ఎప్పటికి వస్తుంది? పైగా మూడు షిఫ్టులు నడిచే బాయిలో పగటి వేళకు సరిపోయేవి ఉదయపు షిఫ్టు, జనరల్ షిఫ్టు మాత్రమే. నియామకాలు ఒకటీ అరా జరిగితే లాభం లేదని, ఒకే గనికి బృందంగా జరగాలని ఈ నిబంధనే చెబుతోంది.

అంటే ఒంటరి మహిళ ఎంత ప్రతిభావంతురాలైనా ఈ వృత్తిలో నెగ్గుకురావడం కష్టం. సంఘటిత బలం ఇక్కడ సౌకర్యం స్థాయి దాటి అవసరంగా మారింది.

లలిత నడిచిన బాట

ఈ అవసరాన్ని అరవై ఏళ్ల క్రితమే గుర్తించిన తెలుగు మహిళ అయ్యలసోమయాజుల లలిత. 1919లో జన్మించిన ఆమె పద్దెనిమిదో ఏట భర్తను కోల్పోయి, చంటిబిడ్డతో పుట్టింటికి చేరారు. తండ్రి పప్పు సుబ్బారావు ప్రొఫెసర్‌గా ఉన్న మద్రాసు గిండీ ఇంజినీరింగ్ కళాశాలలోనే చేరి ఎలక్ట్రికల్ పట్టా అందుకున్నారు. దేశంలో ఇంజినీరింగ్ చదివిన తొలి మహిళల్లో ఒకరిగా నిలిచారు. కలకత్తాలోని అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్‌లో పనిచేస్తూ భాక్రానంగల్ ప్రాజెక్టు విద్యుత్ పనుల్లో పాలుపంచుకున్నారు.

1964 జూన్‌లో న్యూయార్క్‌లో మహిళా ఇంజినీర్లు, శాస్త్రవేత్తల తొలి అంతర్జాతీయ సదస్సు జరిగింది. భారత్‌లో అలాంటి సంఘానికి శాఖ లేనందున లలిత వ్యక్తిగత హోదాలోనే హాజరయ్యారు. మరుసటి ఏడాది లండన్‌లోని విమెన్స్ ఇంజినీరింగ్ సొసైటీలో పూర్తి స్థాయి సభ్యురాలయ్యారు. 1919 జూన్ 23న ఏర్పడిన ఆ సంఘం ఆవిర్భావ దినాన్నే నేడు ప్రపంచవ్యాప్తంగా మహిళా ఇంజినీర్ల దినోత్సవంగా జరుపుతున్నారు.

సంఘాలున్నా... జిల్లాకు దూరం

నేడు అలాంటి సంఘాలకు కొదవ లేదు. ఐఈఈఈ ఉమెన్ ఇన్ ఇంజినీరింగ్ విభాగం కళాశాలల్లో విద్యార్థినుల బృందాలను ప్రోత్సహిస్తోంది. 1990 ఫిబ్రవరి 12న ఏర్పడిన ప్రభుత్వ రంగ సంస్థల మహిళల వేదిక ‘విప్స్’ ఎన్టీపీసీ వంటి సంస్థల్లోని ఉద్యోగినులను ఒక్కతాటిపైకి తెచ్చింది. గనుల రంగంలో ఉమెన్ ఇన్ మైనింగ్ ఇండియా పనిచేస్తోంది. అనుభవజ్ఞులతో పరిచయం, శిక్షణ, ఉద్యోగావకాశాల సమాచారం, వేధింపులు ఎదురైనప్పుడు మాటసాయం... ఈ సంఘాలు అందించేవి ఇవే.

అయితే సదస్సులు సాధారణంగా జరిగేది మహానగరాల్లో. చర్చలు సాగేది ఎక్కువగా ఆంగ్లంలో. కుభీర్ నుంచో, జైనూర్ నుంచో వచ్చి చదువుకునే అమ్మాయికి సభ్యత్వ రుసుము కంటే ముందు ప్రయాణ ఖర్చే భారం. బాసర ట్రిపుల్ ఐటీ సంగతే చూస్తే, 2008లో గ్రామీణ విద్యార్థుల కోసమే ఆ సంస్థ ఏర్పడింది. 2022 జూన్‌లో కనీస సౌకర్యాల కోసం అక్కడి విద్యార్థులు రోజుల తరబడి ఆందోళన చేయాల్సి వచ్చింది. ఇలాంటి చోట వృత్తి సంఘాల ప్రస్తావన విలాసంగా అనిపించవచ్చు. కానీ ఇంట్లో ఇంజినీరు అన్న మాటే ఎరుగని విద్యార్థినికి దారి చూపేవారి అవసరం మరింత ఎక్కువ.

చేతిలోనే వనరులు

ఉమ్మడి జిల్లాల్లో కావలసిన వనరులన్నీ కూతవేటు దూరంలోనే ఉన్నాయి. సెంటినరీ కాలనీలోని జేఎన్టీయూహెచ్ మంథని ఇంజినీరింగ్ కళాశాలలో మైనింగ్ కోర్సు ఉంది. దాని చుట్టూ సింగరేణి గనులున్నాయి. రామగుండంలో ఎన్టీపీసీ, జైపూర్‌లో సింగరేణి థర్మల్ కేంద్రం నడుస్తున్నాయి. మహిళా ఇంజినీర్లను మాత్రమే తీసుకునేందుకు 2021లో ఎన్టీపీసీ గేట్ ద్వారా ప్రత్యేక నియామకాలు చేపట్టింది. కొలువులో ఉన్న మహిళా ఇంజినీర్లు నెలకొకసారి సమీప కళాశాలకు వెళ్లి తెలుగులోనే మాట్లాడినా ఎంతో మేలు. చొప్పదండి, కాగజ్‌నగర్ నవోదయ విద్యాలయాల బాలికలను ఏడాదికొకసారి గనులకు, విద్యుత్ కేంద్రాలకు తీసుకెళ్లి చూపించవచ్చు.

అభ్యంతరాలూ లేకపోలేదు. భూగర్భ గనులు తగ్గి ఓపెన్‌కాస్టులు పెరుగుతున్న వేళ ఈ అవకాశాలు ఎన్నాళ్లన్నది ఒక ప్రశ్న. కొడుకులకే కొలువుల్లేని చోట కూతుళ్లకు ఎక్కడివన్న మాటా కాలనీల్లో వినిపించేదే. అయితే మేనేజర్ సర్టిఫికెట్ చేతికొస్తే ఒక్క బొగ్గుతోనే బతుకు ముడిపడదు. జింక్, రాగి, సున్నపురాయి గనులూ పిలుస్తాయి. సంధ్య ఎదిగింది బొగ్గు గనిలో కాదు, జింక్ సంస్థలో.

సింగరేణి, ఎన్టీపీసీ యాజమాన్యాలు, విశ్వవిద్యాలయాలు ఈ విషయంపై దృష్టి సారించాలి. మైనింగ్ విద్యార్థినులకు శిక్షణ సీట్లు, మహిళా ఇంజినీర్లకు ముగ్గురేసి చొప్పున ఒకే గనిలో పోస్టింగు, పనిచేసే చోట మరుగుదొడ్డి, దుస్తులు మార్చుకునే గది... ఈ మూడూ సమకూరితే సర్టిఫికెట్ల చిక్కు సగం విడిపోతుంది. వృత్తి సంఘాలు తమ శాఖలను గోదావరిఖని, మంచిర్యాలకు విస్తరిస్తే మిగతా సగానికి ఆ ఇంజినీర్లే దారి వెతుక్కుంటారు.