తాళంచెవి ఎవరి చేతిలో?

మా సంఘంలో రెండు నెలలుగా ఒక కొట్లాట నడుస్తోంది. పదవుల కొట్లాట కాదు, ఉపకులాల కొట్లాట కాదు. కాగితాల కొట్లాట. సంఘం ఈమెయిలూ, కేసుల ఫైళ్ళూ, సభ్యుల జాబితాలూ, పట్టాల జిరాక్సులూ, సభల ఫోటోలూ అన్నీ క్లౌడ్‌లోకి ఎక్కించేద్దామని మణికొండలో ఉంటున్న మా సాఫ్ట్‌వేర్ తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ అంటున్నారు. "కంపెనీవోని చేతుల మన కాగితాలు పెడ్తరా? మీకు బుద్ధున్నదా?" అని పాతతరం కార్యకర్తలు మండిపడుతున్నారు. ఇద్దరి మాటా విన్నాం. ఇద్దరూ సగం సగమే చెబుతున్నారు. మిగతా సగం ఎవరూ చెప్పకపోతే నష్టపోయేది ఈ ఇద్దరూ కాదు, మన మీద నమ్మకంతో కాగితాలు పంపిన వాడల జనం. అందుకే రాస్తున్నాం.

ముందు మా ఇంటి మురికి మేమే కడుక్కుంటాం. సంఘానికి ఒక ఈమెయిల్ ఉండేది. సంఘం పేరుతో ఉండేది గానీ అది సంఘానిది కాదు. అప్పటి కార్యదర్శి తన సొంత ఫోన్ నంబరు మీద తెరిచిన ఉచిత ఖాతా. ఆయన ఒకనాడు అధికార పార్టీ కండువా కప్పుకున్నాడు. ఆయనతోపాటు మన ఈమెయిలూ పోయింది. పాస్‌వర్డ్ అడిగితే "మర్చిపోయిన" అన్నాడు. ఓటీపీ పోయేది ఆయన ఫోనుకే. ఒక అట్రాసిటీ కేసులో ఒక తల్లి పంపిన ఫోటోలు, ఎఫ్ఐఆర్ నకలు, అర్జీలు అన్నీ అందులోనే ఉన్నాయి. వాయిదా రోజు కోర్టు మెట్ల మీద ఆ తల్లి మా మొహం చూసి "సారూ, మీకే గద పంపిన" అంది. మేం తలొంచుకున్నాం. ఆ కాగితాలు దొర చింపలేదు, పోలీసోడు మాయం చేయలేదు. మనమే పోగొట్టాం!

ఇప్పుడు ట్రంకుపెట్టె అన్నల సంగతి. "మన కాగితాలు మన పెట్టెలో ఉంటేనే భద్రం" అంటున్నారు. అన్నా, ఆ పెట్టె ఎవరింట్లో ఉంది? ఒక్క నాయకుడి ఇంట్లో. తాళంచెవి ఎవరి మొలతాడుకుంది? ఆయన మొలతాడుకే. పాతికేళ్ళుగా జెండా మోసిన ఆడబిడ్డ ఒక్కనాడైనా ఆ పెట్టె తెరిచిందా? కిరాయి ఇల్లు మారినప్పుడల్లా ఎన్ని కాగితాలు రాలిపోయాయి? ఎన్నిటిని చెదలు తిన్నాయి?

బాబాసాహెబ్ కాగితాల గతి గుర్తు తెచ్చుకోండి. 1956 డిసెంబర్ 6న ఆయన కన్నుమూశారు. అచ్చుకాని రాతలు పెట్టెల్లో ఢిల్లీ హైకోర్టు అధీనంలోకి, తర్వాత మహారాష్ట్ర అడ్మినిస్ట్రేటర్ జనరల్ అధీనంలోకి పోయాయి. మహారాష్ట్ర ప్రభుత్వం ఆయన రచనల మొదటి సంపుటం తెచ్చింది 1979లో. హిందూమతంలోని చిక్కుముళ్ళ మీద ఆయన రాసింది బయటికొచ్చింది 1987లో. అంటే ఆయన పోయిన 31 ఏళ్ళకు! రాసింది మనవాడే. చదవాల్సింది మన జనమే. తాళం మాత్రం మన చేతిలో లేదు. అంత పెద్దాయన రాతలకే ఆ గతి పడితే మన అర్జీల గతేమిటి?

ఇక సాఫ్ట్‌వేర్ తమ్ముళ్ళ మాట. "అన్నా, రిజిస్టరైన సంస్థలకు ఫ్రీగా ఇస్తరు. ఒక్క పూటల ఎక్కిస్తం" అంటున్నారు. తమ్ముడూ, క్లౌడ్ అంటే మబ్బు అని మీరే అర్థం చెప్పారు. మబ్బులో ఏమీ లేదు. అంతా నేల మీదే ఉంది. క్లౌడ్ అంటే ఎవడిదో భూమి, ఎవడిదో షెడ్డు, ఎవడివో కంప్యూటర్లు, అవి వేడెక్కకుండా రాత్రింబవళ్ళు ఖర్చయ్యే కరెంటు. 2020 నవంబర్‌లో అమెజాన్ 20,761 కోట్ల పెట్టుబడితో మన దగ్గర డేటా సెంటర్లు పెడుతోందని తెలంగాణ ప్రభుత్వం ప్రకటించింది. 2022 నవంబర్‌లో హైదరాబాద్ పేరుతో ఆ సర్వీసు మొదలైంది. ఆ ఏడాది మార్చిలోనే మైక్రోసాఫ్ట్ కూడా ఇక్కడ డేటా సెంటర్లు కడతామని చెప్పింది. ఇవన్నీ లేచింది ఈ రంగారెడ్డి జిల్లా నేలమీదే.

ఆ నేల చరిత్ర మనకు కొత్తగా చెప్పాలా? భూమిలేని పేదలకు సర్కారు ఇచ్చిన అసైన్డ్ భూమిని అమ్మకూడదు, కొనకూడదు అని 1977లో చట్టం చేశారు. కంపెనీ కోసం అయితే అదే సర్కారు "ప్రజా ప్రయోజనం" అని వెనక్కి గుంజుకుంటుంది. పట్టాదారుకు ఒక ధర, మనకు ఒక ధర! చేవెళ్ళ డివిజన్ నుంచి వెళ్ళిన మేకల పాండు కేసులో 2004లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం అసైన్డ్ రైతుకూ పట్టా రైతుతో సమానంగా పరిహారం ఇవ్వాలని చెప్పేదాకా అదే నడిచింది. ఆ కేసు గెలిచింది కాగితం చేతిలో ఉన్నోళ్ళు. కాగితం పోగొట్టుకున్నోడు ఏ కోర్టుకు పోతాడు?

మీరుండే మణికొండనే చూడండి. హజ్రత్ హుస్సేన్ షా వలీ దర్గా భూమి 1989 గెజిట్‌లో 5,506 చదరపు గజాలు. 2006లో వక్ఫ్ బోర్డు ఇచ్చిన సవరణ గెజిట్‌లో 1,654 ఎకరాల 32 గుంటలు. 2012లో హైకోర్టు వక్ఫ్ వైపు చెప్పింది. 2022 ఫిబ్రవరి 7న సుప్రీంకోర్టు ఆ తీర్పు కొట్టేసి భూమి రాష్ట్ర ప్రభుత్వానిదే అంది. ల్యాంకో హిల్స్ టవర్లు లేచింది ఆ తగాదా నేలమీదే. ఎవరిది న్యాయమన్నది వేరే చర్చ. మేం చెప్పేదొక్కటే: అన్నేళ్ళ కొట్లాట జరిగింది ఏ కాగితంలో ఏం రాసుంది, అది చెల్లుతుందా లేదా అన్నదాని మీద. కాగితం భద్రంగా లేనోడికి ఆ కొట్లాటలో నిలబడే చోటే లేదు.

మణికొండలో టులెట్ బోర్డు చూసి గేటు తట్టినప్పుడు ఓనరు మొదట అడిగేదేమిటి? "మీరేమిట్లు?" నాన్‌వెజ్ వండుతారా అని అడిగితే అది కూరగాయల మీద ప్రేమ కాదని మనకు తెలుసు. క్లౌడ్ కూడా కిరాయి ఇల్లే. ఓనరు షరతులు ఓనరువే. రెండేళ్ళు తెరవని వ్యక్తిగత ఖాతాలు తుడిచేస్తామని 2023లో గూగుల్ ప్రకటించింది, ఆ డిసెంబర్ నుంచి తుడవడం మొదలుపెట్టింది. 2022 ఏప్రిల్‌లో అదే కంపెనీలో కులం గురించి తేన్‌మొళి సౌందరరాజన్ మాట్లాడాల్సిన సభను ఉద్యోగుల్లో కొందరు అభ్యంతరం పెడితే రద్దు చేశారు. కులం మీద ఒక్క గంట ఉపన్యాసం భరించలేని ఇంట్లో కులం మీద మన ఫైళ్ళన్నీ పెడుతున్నాం. తెలిసి పెట్టాలి!

"మనం చిన్నోళ్ళం, మనల్నెవడు ఖాళీ చేయిస్తడు?" అంటారేమో. 2025 జూలైలో యూరోపియన్ యూనియన్ ఆంక్షల తర్వాత నయారా ఎనర్జీకి మైక్రోసాఫ్ట్ ఈమెయిల్ సేవలు ఆపేసింది. ముందస్తు నోటీసు లేదని మొత్తుకుంటూ ఆ కంపెనీ ఢిల్లీ హైకోర్టుకు పోయింది. కొద్దిరోజులకు సేవలు తిరిగొచ్చాయి. గుజరాత్‌లో పెద్ద రిఫైనరీ ఉన్నోడు, పెద్ద లాయర్లున్నోడు కాబట్టి వచ్చాయి. మన ఖాతా ఆపేస్తే మనం ఏ గేటు తడతాం?

"అయితే స్వదేశీ కంపెనీకి పోదాం" అనే మూడో గుంపు ఒకటుంది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల ఈమెయిళ్ళు దాదాపు 12 లక్షలు జోహో మీదికి మారాయని ఉదాహరణ చూపిస్తున్నారు. అయ్యా, అంటరానితనం కూడా స్వదేశీ సరుకే! ఓనరు ఏ దేశపోడని కాదు మా ప్రశ్న. తాళంచెవి ఎవరిదని.

"మన కంప్యూటర్‌లోనే పెట్టుకుందాం" అంటే అదీ తేలికైన జవాబు కాదు. భీమా కోరేగావ్ కేసులో రోనా విల్సన్ కంప్యూటర్‌లోకి దొంగచాటుగా చొరబడి ఉత్తరాలు పెట్టారని అమెరికాలోని ఆర్సెనల్ కన్సల్టింగ్ 2021 ఫిబ్రవరిలో నివేదిక ఇచ్చింది. దళిత న్యాయవాది సురేంద్ర గాడ్లింగ్ కంప్యూటర్ గురించీ ఆ ఏడే అలాంటి నివేదికే ఇచ్చింది. దర్యాప్తు సంస్థ ఒప్పుకోలేదు. కానీ మనం నేర్చుకోవాల్సింది నేర్చుకోవాలి. ఇల్లు సొంతమైనంత మాత్రాన తలుపు గట్టిదని కాదు. దక్షిణ కొరియా ప్రభుత్వానికి సొంత డేటా సెంటరే ఉంది. 2025 సెప్టెంబర్ 26న డేజాన్‌లో మంటలంటుకుని ఉద్యోగుల ఫైళ్ళు 858 టెరాబైట్లు బూడిదయ్యాయి. వేరేచోట నకలు లేదు!

కాబట్టి మేం క్లౌడ్‌కు పోవద్దనడం లేదు. పోదాం. కిరాయి ఇంటికి పోయినోళ్ళలాగా, కళ్ళు తెరుచుకుని పోదాం. మా షరతులు ఇవి.

ఒకటి. చిరునామా మనదై ఉండాలి. డొమైన్ పేరు సంఘం పేరు మీద కొనాలి, సంఘం ఖజానా నుంచి కట్టాలి, రసీదు ఫైల్లో ఉండాలి. ఏ తమ్ముడి క్రెడిట్ కార్డు మీదా వద్దు. పేరు మనదైతే రేపు కంపెనీ మార్చినా ఈమెయిల్ మారదు.

రెండు. తాళంచెవులు ముగ్గురి దగ్గర ఉండాలి. అందులో ఒకరు స్త్రీ, ఒకరు పల్లె నుంచి. పదవి దిగిన రోజే తాళం అప్పగించాలి, అది మినిట్స్‌లో రాయాలి. ఒక్కడి ఫోనుకొచ్చే ఓటీపీ మీద సంఘం బతకకూడదు. ఫోను పోయినప్పుడు వాడే రికవరీ కోడ్‌లు కాగితం మీద రాసి సీలు కవరులో పెట్టాలి.

మూడు. అన్నీ ఒకే గంపలో వేయొద్దు. పత్రికలు, కరపత్రాలు లోకమంతా చదవనీ. బాధితుల చిరునామాలు, సాక్షుల వాంగ్మూలాలు వేరు. అట్రాసిటీ చట్టంలో 2016 జనవరి 26 నుంచి అమల్లోకొచ్చిన 15ఏ సెక్షన్, జనం చూడగలిగే కేసు రికార్డుల్లో సాక్షుల పేర్లూ చిరునామాలూ దాచే వీలు కోర్టుకు ఇచ్చింది. కోర్టు దాచిన పేరును మనం "లింకు ఉన్న ఎవరైనా చూడొచ్చు" అని గ్రూపులో పడేస్తే ఆ సాక్షి ఊళ్ళో బతుకుతాడా? అలాంటి ఫైలుకు మన దగ్గరే తాళమేసి, ఆ తర్వాతే పైకి పంపాలి.

నాలుగు. పక్షానికోసారి, పత్రిక అచ్చుకు పోయే రోజున, అంతా రెండు హార్డ్‌డిస్కుల్లోకి దించాలి. రెండూ రెండు ఊళ్ళలో ఉండాలి. మూడు నెలలకోసారి తెరిచి చూడాలి. తెరిచి చూడని నకలు నకలు కాదు.

ఐదు. అసలు కాగితం పారేయొద్దు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియంలోని 63వ సెక్షన్ ప్రకారం కంప్యూటర్ నకలు సాక్ష్యంగా పెట్టాలంటే సర్టిఫికెట్ జత చేయాలి. దాని మీద సంతకం పెట్టాల్సినోళ్ళలో ఆ కంప్యూటర్‌ను, ఆ ఖాతాను చూసుకునే మనిషి ఒకరు. కండువా మార్చినోడి చేతిలో ఖాతా ఉంటే సంతకం కోసం వాడి ఇంటి ముందే నిలబడాలి!

తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా! మీ నైపుణ్యం సంఘానికి కావాలి. కానీ రేపు మీలో ఒకరు డల్లాస్‌కో టొరంటోకో పోతే తాళం మీతో విమానం ఎక్కకూడదు. మీకొచ్చింది పల్లె కార్యకర్తకు తెలుగులో నేర్పండి. అన్నలారా! చదువు మనల్ని దగ్గరికి రానీయనప్పుడు దొంగతనంగానైనా నేర్చుకున్నాం. మా అయ్యలు వేలిముద్ర వేసిన కాగితాల్లో ఏం రాసుందో వాళ్ళకు తెలియదు. ఇంట్లో కాగితం చదివిన మొదటి తరం మనం. తెలియని కాగితం మీద వేలిముద్ర, తెలియని స్క్రీన్ మీద "ఐ అగ్రీ" రెండూ ఒకటే. మళ్ళీ వేలిముద్రగాళ్ళం కావద్దు.

వచ్చే సర్వసభ్య సమావేశంలో ఈ ఐదు షరతులనూ తీర్మానంగా పెడుతున్నాం. ఆ తల్లిని కూడా పిలుస్తున్నాం. ఆమె ముందు చేతులెత్తి ఓటు వేద్దాం.

కాగితం మనది. పేరు మనది. తాళంచెవీ మనదే కావాలి!

జై భీమ్!