గీత కన్నీటిని నిషేధించెనా?

మా నెల్లూరు తీరమున ఏ యింట మరణము సంభవించినను, పరామర్శకు వచ్చిన పండితమ్మన్యుడొకడు "ఆత్మకు చావు లేదు, ఏడ్చుట అజ్ఞానము" అని పలుకక మానడు. సిద్ధాంతము సత్యమే, వినియోగము క్రూరము.

గీతోపదేశము యుద్ధారంభమున జరిగెను. పదమూడవనాడు అభిమన్యుడు కూలెను. భగవన్ముఖమున ఆత్మనిత్యత్వమును సాక్షాత్తుగా విన్న అర్జునుడే ఆ సాయంకాలము పుత్రశోకముతో విలపించెను. శ్రీకృష్ణుడు ఓదార్చెనే గాని, "నా బోధ వ్యర్థమయ్యెనా" అని గద్దింపలేదు. మన నెల్లూరి తిక్కన సోమయాజి తెనిగించిన పదునైదు పర్వములలో స్త్రీపర్వమును గలదు. తల్లుల రోదనకు వ్యాసభగవానుడు ఒక పర్వమునే కేటాయించెను గదా!

గీత నిషేధించినది కర్తవ్యత్యాగమును. గాండీవము జారినందుననే ఆ బోధ. నిత్యకర్మలు విడిచి, ఆకలిగొన్న పిల్లలను మరచి శోకించువానిని హెచ్చరింపుడు, కాదనను.

2004 డిసెంబరు 26 నాటి సునామీ పిమ్మట, బిడ్డను కోల్పోయిన మత్స్యకారుడొకడు అశౌచము తీరినపిదప మా ఆలయమునకు వచ్చెను. కర్మకాండయంతయు యథావిధిగా ముగించినాడు. మరునాడు మరల వేటకు పోవలసినవాడు. ధ్వజస్తంభము కడనే నిలిచి, "స్వామి యెదుట ఏడ్వవచ్చునా అయ్యవారూ? తప్పని చెప్పినారు" అని అడిగెను.

ఆ చెప్పినవారెవరో నేనడుగలేదు. లోనికి తోడ్కొనిపోయి, హారతి యిచ్చి, అతడు ఏడ్చినంతసేపు తలుపులు వేయక కూర్చుంటిని.