హ్యాండ్‌బ్రేక్ దించినా... చక్రం వదల్లేదా?

నాలుగు రోజులుగా ముసురు. కారు బయటికి తీయలేదు. ఐదో రోజు పొద్దున్నే స్టార్ట్ చేసి, హ్యాండ్‌బ్రేక్ దించి, గేరు వేస్తే... కదలదే! కాస్త గట్టిగా యాక్సిలరేటర్ నొక్కితే వెనక 'టక్'మని చప్పుడు. అప్పుడు కదిలింది. ఎప్పుడో ఒకసారి ఇలా అయితే కంగారేం లేదు. తడికి డిస్కు మీద తుప్పు పట్టి, బ్రేక్ ప్యాడ్ దానికి అంటుకుంది. కదిలించగానే ఊడింది. అంతే! కదిలాక కూడా బండి బరువుగా నడుస్తోందంటేనే ఆలోచించాలి.

'డ్యాష్‌బోర్డు మీద ఎర్రలైటు ఆరిపోయిందిగా' అనుకోకండి. మామూలు హ్యాండ్‌బ్రేక్‌లో ఆ లైటు స్విచ్చి ఉండేది మీ పక్కనున్న లివర్ దగ్గర. మీరు లివర్ దించారా లేదా అన్నంతవరకే దానికి తెలుసు. వెనక చక్రం గొడవ దానికి పట్టదు.

ఓ 15 నిమిషాలు, బ్రేకు పెద్దగా వాడకుండా నడిపి ఆపండి. రెండు వెనక చక్రాల దగ్గరా చెయ్యి పెట్టి చూడండి. తాకొద్దు సుమా! ఒకటి మామూలుగా ఉండి, రెండోది సెగలు కక్కుతోందంటే పట్టేసింది అదే. కాలిన వాసనా రావచ్చు. అలాగే తిప్పితే ప్యాడ్లు అరుగుతాయి, మైలేజీ పడిపోతుంది. అవి డబ్బుతో పోయేవి. వేడికి బ్రేక్ ఆయిల్ మరిగిందంటే మాత్రం పెడల్ మెత్తగా లోపలికి పోతుంది. బండి ఆగదు.

ఇంతకీ తప్పు ఎక్కడ? వెనక డిస్కులున్న కొన్ని కార్లలో డిస్కు మధ్య గిన్నెలాంటి భాగంలో హ్యాండ్‌బ్రేక్ కోసం విడిగా చిన్న డ్రమ్ బ్రేక్ ఉంటుంది. చాలాకాలం నిలబెడితే అందులోని షూలు తుప్పుతో అంటుకుంటాయి. ఇంకొన్నింట్లో కేబుల్ నేరుగా క్యాలిపర్ మీదున్న చిన్న లివర్‌ను లాగుతుంది. ఈ రెండో రకానికి తేలికైన పరీక్ష ఒకటుంది. మీ మెకానిక్‌ను దగ్గరుండి చేయమనండి.

చదునైన నేల మీద, ముందు చక్రాలకు రాళ్లు అడ్డుపెట్టి, వెనక భాగం లేపాలి. జాకీ ఒక్కదాన్నే నమ్మకూడదు, కింద స్టాండు ఉండాల్సిందే. హ్యాండ్‌బ్రేక్ దించి చక్రాన్ని చేత్తో తిప్పాలి. తిరగలేదా? క్యాలిపర్ దగ్గర కేబుల్ కొస విప్పాలి. వెంటనే వదిలితే తప్పు కేబుల్‌ది. పైతొడుగు చిరిగి, నీళ్లు దూరి, లోపలి తీగ తుప్పు పట్టి ఉంటుంది. ఆయిల్ పోస్తే నాలుగు రోజుల ముచ్చటే, మార్చడం మేలు. కేబుల్ విప్పినా చక్రం తిరగలేదంటే క్యాలిపర్ సంగతి చూడాలి. దాని లివర్ వెనక్కి రావడం లేదో, గ్రీజు ఎండి పిన్నులు బిగుసుకున్నాయో! ఈ పరీక్ష చేయకుండానే 'క్యాలిపర్ పోయిందండీ' అంటే ఒప్పుకోకండి. కేబుల్‌కూ క్యాలిపర్‌కూ ధరలో చాలా తేడా.

ఈమధ్యే ప్యాడ్లు మార్చారా? ఈ రకం క్యాలిపర్లలో చాలావాటికి పిస్టన్‌ను తిప్పుతూ లోపలికి పంపాలి. ముందు చక్రాల పిస్టన్‌లా క్లాంపు పెట్టి నొక్కేస్తే లోపలి మర దెబ్బతింటుంది.

కొందరు 'కేబుల్ కాస్త లూజు చేశా, ఇక వెళ్లండి' అంటారు. అంతకుముందు అతిగా బిగించి ఉంటే అది సరైన వైద్యమే. కాకపోతే మాత్రం చక్రం తిరుగుతుందిగానీ, అపార్ట్‌మెంట్ ర్యాంపు మీద బండి నిలబడదు. పిల్లలు సైకిళ్లు తొక్కేది అక్కడే! లివర్ పూర్తిగా లాగి, కాస్త వాలు మీద నిలిపి చూశాకే డబ్బులివ్వండి.

బటన్ నొక్కితే పడే ఎలక్ట్రానిక్ బ్రేకుకు ఈ విప్పడాలేవీ వద్దు. చాలావాటిలో క్యాలిపర్ మీదే మోటారు ఉంటుంది. స్కానర్ ఉన్న చోటికే తీసుకెళ్లాలి.

వారాల తరబడి ఊరెళ్తున్నారా? చదునైన చోట ఫస్ట్ గేరులో పెట్టి (ఆటోమేటిక్ అయితే 'పి'లో), చక్రాలకు అటూ ఇటూ రాళ్లు పెట్టి హ్యాండ్‌బ్రేక్ దించేయండి. కారు కడిగిన రోజు మాత్రం రెండు వీధులు తిప్పి, నాలుగుసార్లు బ్రేకు నొక్కి, డిస్కులు ఆరాకే నిలపండి.