స్నానాల గదికి మెరుపు సరుకు: వర్తకులు ఆలోచించవలసిన బేరం

వరంగల్: టైల్స్ బేరం చాలావరకు మెరుపును బట్టి సాగుతున్నది. హాలుకు ఎంచుకున్న నున్నటి విట్రిఫైడ్ సరుకునే నాలుగు పెట్టెలు అదనంగా వేయించుకుని స్నానాల గదిలోనూ, బట్టలుతికే చోటా పరిపించే కొనుగోలుదార్లు ఎందరో. దుకాణదార్లు వారించరు. సబ్బునీటి మీద ఇంటి పెద్దావిడ జారిపడి తుంటి విరిగితే మాత్రం ఆ ఇంటివారు నిందించేది మోర్బీ ఫ్యాక్టరీని కాదు, సరుకిచ్చిన స్థానిక వర్తకునే.

తాండూరు, షాబాద్ బండలు పరిచిన రోజుల్లో ఈ చిక్కు ఇంతగా లేదు. పాలిష్ పట్టని బండ తడి కాలికి పట్టు ఇస్తుంది. అయితే అది సున్నపురాయి. కడప నల్లబండదీ అదే జాతి. మరకలు పోవడానికి పోసే యాసిడ్ తగిలితే నురగలు కక్కి పైపొర తినుకుపోతుంది. ఈ మాట అమ్మేటప్పుడే చెప్పేవారు అరుదు. కరీంనగర్ వైపు గ్రానైట్‌కు ఆ బెడద లేదు; కాకపోతే మంటతో గరుకు చేసిన ముక్కలు అడిగి తెప్పించాలి. నల్లరాతి నునుపు వేయిస్తంభాల గుడి కంబాలకు శోభ, జారే నేలకు కాదు.

టైల్స్‌లోనూ తేడాలు తెలియాలి. గోడకు వేసే గ్లేజ్డ్ టైల్ నూటికి పది పాళ్లకు పైగా నీరు పీలుస్తుంది; విట్రిఫైడ్ అర పాలు కూడా పీల్చదు. చవక అని గోడ సరుకును నేలకు అంటగట్టడం మోసంతో సమానం. ఇక జారుడు సంగతి. తడి నేలకు ఆర్ 10కి తగ్గని సరుకు అడగడం మేలు. ఉత్త కాళ్లకు ఎ, బి, సి అని వేరే తరగతులున్నవి; షవర్ కింద బి ఉండాలి. కేటలాగులో ఈ అంకె లేకుంటే దళారీ కంపెనీని నిలదీయవలసిందే.

గరుకు టైల్ మురికి పట్టుకుంటుందని గృహిణుల ఫిర్యాదు. అది నిజమే. లోతు గాడులు లేని మ్యాట్ రకం, అడుగు కొలతది, ఇందుకు సరిపోతుంది. చిన్న టైల్‌కు సందులు ఎక్కువ గనుక పట్టూ ఎక్కువ. పైగా నేలను జాలీ వైపు వాలుగా పరచవచ్చు. నాలుగడుగుల పలకతో ఆ వాలు కుదరదు, నీరు నిలుస్తుంది.

అతికించే మసాలా కూడా వర్తకుని వ్యవహారమే. నీరు పీల్చని విట్రిఫైడ్ వీపుకు ఉత్త సిమెంటు పాలు సరిగా పట్టవు. కొంతకాలానికి టైల్ బోలుగా మోగుతుంది. ఐ.ఎస్. 15477 ముద్ర ఉన్న జిగురు బస్తా పక్కనే పెట్టి అమ్మితే లాభమూ ఉన్నది, వాపసు గొడవా తగ్గుతుంది. మేస్త్రీకి వదిలేస్తే పాత పద్ధతే సాగుతుంది.

మ్యాట్ సరుకు గోదాములో నిలిచిపోతుందనే చిన్న వర్తకుల భయం కొట్టిపారేయదగింది కాదు. పన్ను మాత్రం సాకు కాజాలదు. 2017 నవంబరులో 28 నుంచి 18 శాతానికి దిగిన రేటు మెరుపుకూ మ్యాట్‌కూ ఒకటే. మోర్బీ లారీలో కొన్ని పెట్టెలతో మొదలుపెట్టి, దుకాణంలో రెండు రకాల నమూనాలు నేల మీద పరచి, చెంబెడు సబ్బునీళ్లు పోసి, కొనేవారిని చెప్పులు విడిచి నిలబడి చూడమనవచ్చు.