మూడో విడత దాకా ఆగమనే అన్నకు

పోయిన భాగం చదివి ఒక అన్న ఫోన్ చేసిండు. "దోస్త్‌కు మూడు విడతలుంటయి, ఏటా లక్షకు పైగా సీట్లు మిగులుతయి, పిల్లల్ని ఎందుకట్ల ఉరుకులు పెట్టిస్తవ్?" అన్నడు. ఉద్యమంలో పెద్దమనిషే. కానీ ఈ మాట మన పిల్లల కొంప ముంచుతది.

మిగులుతయి, నిజమే. ఏవి మిగులుతయి? పదిమంది కోరే గ్రూపు, హాస్టల్‌కు నడిచిపోయే దూరంలో ఉన్న కాలేజీ ముందే నిండుతయి. ఎవరూ అడగనిది మిగులుతది. మిగిలింది తినడం మన తాతలతోనే అయిపోవాలె.

2016లో దోస్త్ వచ్చినప్పుడు దళారీ లేకుండా సీటొస్తదని నేనూ సంతోషపడ్డ. ఇప్పటికీ అది మంచిదే అంట. కానీ రిజిస్ట్రేషన్ ఫీజు చూడండి. మొదటి విడతలో 200, తర్వాత విడతల్లో 400. ఆలస్యమయ్యేదెవరికి? చర్ల, దుమ్ముగూడెం దిక్కు మిరపకోతలు అయిపోంగనే తునికాకు మొదలైతది. సరిగ్గా మే నెలలో, మొదటి విడత నడిచేటప్పుడు, పిల్ల అడవిలో ఆకు కోస్తుంటది. ఆధార్‌కు లింకైన ఫోన్ నాయన జేబులో ఇంకో ఊళ్లో ఉంటది. కులం, ఆదాయం సర్టిఫికెట్లకు మీసేవలో పెడితే తహసీల్దార్ సంతకం కాడ ఆగుతది. ఇవన్నీ దాటి వచ్చిన పిల్లకు ఫీజు రెట్టింపు! పేదరికానికి జరిమానా వేసుడు అంటే ఇదే.

ఏజెన్సీలో మాల మాదిగలం 1/70 చట్టం కింద గుంట భూమి కొనలేం. ఆదివాసీల భూమి కాపాడే చట్టమది, ఉండాల్సిందే. కానీ మనకు మిగిలిన ఆస్తి చదువొక్కటే.

అమెరికాలో కూడా ముందస్తు దరఖాస్తు ఉంది. నవంబర్‌లో పెడతరు, అందులో కట్టుబాటు ఉన్న రకమైతే సీటొచ్చినంక చేరాల్సిందే. ఏ కాలేజీ ఎంత సాయం ఇస్తదో పోల్చుకోవాల్సిన పేదపిల్లలు జనవరి దాకా ఆగుతరు. వాళ్లు ఆగడానికి ఒక లెక్క ఉంది. మనకు ఆ కట్టుబాటే లేదు కదా! మొదటి విడతలో సీటొచ్చి ఆన్‌లైన్‌లో సెల్ఫ్ రిపోర్టింగ్ చేసినా, రెండో విడతలో ఇంతకన్నా మంచిదానికి ఆప్షన్లు పెట్టొచ్చు. కొత్తది వస్తే పాతది దానంతటదే రద్దయితది, అందుకే నిజంగా కావాల్సినవే పెట్టాలె. సెల్ఫ్ రిపోర్టింగ్ గడువు దాటిస్తే మాత్రం వచ్చిన సీటు పోయినట్టే.

ముందు అంటే కార్పొరేట్ పీఆర్వోలు చెప్పే ముందు కాదు. పదో తరగతి పరీక్షలు కాకముందే గుమ్మంలో కూర్చొని "ఇప్పుడు కడితే రాయితీ" అంటరు. నోటిఫికేషన్ రాకముందు అడ్మిషన్లు చెల్లవని ఇంటర్ బోర్డే చెప్తది. వాళ్లకు రూపాయి ఇవ్వొద్దు.

అన్నిటికన్నా పెద్ద దెబ్బ చివర్లో ఉంటది. విడతలన్నీ దాటినంక స్పాట్ అడ్మిషన్. అక్కడ చేరినోళ్లకు ఫీజు రీయింబర్స్‌మెంట్ లేదు. ఆదాయం రెండు లక్షల లోపే, కులం అదే, కాలేజీ అదే. తేదీ ఒక్కటే మారింది, మొత్తం ఫీజు తల్లిదండ్రుల మీద పడ్డది.

విద్యార్థి సంఘాల తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఈ రెండూ అడగాలె: అన్ని విడతలకూ 200, స్పాట్‌కూ రీయింబర్స్‌మెంట్. సర్టిఫికెట్ల క్యాంపులు మాత్రం రిజల్ట్ దాకా ఆగొద్దు, మార్చిలోనే పల్లెల్లో పెట్టించాలె. తునికాకు కల్లాల కాడికి ఒక ల్యాప్‌టాప్ పట్టుకొని పోదాం, వచ్చేవాళ్లు కింద పేరు రాయండి.

అన్నా, నువ్వు కూడా రా. రాలేనంటవా, ఆగిన ప్రతి పిల్లకూ పైన పడే ఆ 200 నువ్వు కట్టు.