మండువాలో అడ్డుగోడలు

కోనసీమ గ్రామాల్లో మండువా లోగిళ్లు ఏటికేడు తగ్గిపోతున్నాయి. తుపానులకు తట్టుకున్న ఇళ్లు సైతం అన్నదమ్ముల పంపకాలకు తట్టుకోలేకపోతున్నాయి.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి, కాలువలు పారిన తర్వాత డెల్టా రైతు చేతిలో నాలుగు డబ్బులు ఆడాయి. ఎగువ అడవుల టేకు దుంగలు తెప్పలుగా గోదావరి మీద దిగివచ్చేవి. గానుగ సున్నంతో గోడలు లేచాయి. వీధివైపు అరుగు, లోపల నాలుగు వైపులా వసారాలు, వాటి వెనుక గదులు, నడుమ ఆకాశానికి తెరిచి ఉంచిన మండువా, పెరట్లో నుయ్యి, ధాన్యానికి గాదె. నాలుగు కప్పులూ లోపలికే వాలి ఉంటాయి. వాననీరంతా మండువాలో పడి, తూము గుండా బయటికి పోతుంది. వేసవిలో వేడిగాలి పైకి పోయి గదులు చల్లగా ఉండటానికీ ఆ ఖాళీయే కారణం. సినిమావాళ్లు వెతుక్కుంటూ వచ్చేది ఈ ఇళ్లకోసమే.

ఇటువంటి ఇంటిని కొబ్బరితోటలా గట్టువేసి పంచడం కుదరదు. అయినా చాలాచోట్ల పెద్దమనుషులు చేస్తున్నది అదే. మండువా మధ్య గోడ లేచిందంటే తూము ఒకరివైపు మిగులుతుంది, రెండోవైపు నీరు నిలుస్తుంది. రెండు కప్పులు కలిసే మూలలో పెంకు జారితే ‘అది వాళ్ల వాటా’ అని ఇద్దరూ ఊరుకుంటారు. అక్కడ కారిన నీరు దూలం కొసను తినేస్తుంది. గోడకు చెమ్మ కనిపించగానే సిమెంటు పూయిస్తారు. పాత సున్నపు గోడకు అది కీడే. లోపలి చెమ్మ బయటికి రాలేక గోడ గుల్లబారుతుంది. ఆ తర్వాత కలప వ్యాపారి వస్తాడు. స్తంభాలు, తలుపులు, దూలాలు లెక్కగట్టి ఒక ధర చెబుతాడు. గోడలకూ మండువాకూ ఆ లెక్కలో పైసా ఉండదు.

పంపకాల్లో ఆ ధరనే ప్రమాణంగా తీసుకోవడం అన్యాయం. ఇంటిని ఒక్కరికే ఇచ్చి, ఆడపడుచులతో సహా మిగతావారికి పొలంలోనో దొడ్డిస్థలంలోనో సరిపెట్టడం మేలు. అది కుదరనప్పుడు గదులు పంచుకున్నా మండువా, తూము, కప్పు ఉమ్మడి అని పంపకాల దస్తావేజులోనే రాయించుకోవాలి. ఏటా తొలకరికి ముందు పెంకులు సర్దించే ఖర్చు ఎవరెంత భరించాలో కూడా అందులోనే ఉండాలి. నోటిమాటగా వదిలేస్తే మొదటి వానకే తగవు. హైదరాబాదులోనో అమెరికాలోనో ఉన్న వాటాదారు జూన్ నెలలో వచ్చి కప్పెక్కడు గనుక, ఊళ్లో ఉన్నవారిలో ఆ పని చూసేదెవరో పేరుతో సహా రాయించడం మంచిది.