పునరావాస పటంలో మన భాషకు చోటేది?

తుఫాను ఎవరి భాషా అడిగి రాదు. కాని తుఫాను వెలిసిన తరువాత వచ్చే సర్వే పత్రం, లబ్ధిదారుల జాబితా, కొత్త కాలనీ పటం, ఇంటి పట్టా మాత్రం ఒకే భాషలో వస్తాయి. ఆ భాష చదవలేని కుటుంబం తన భవిష్యత్తుపై తానే వేలిముద్ర వేసి, దేనికి వేసిందో తెలియక ఇంటికి తిరిగివస్తుంది. దీనినే ప్రజల భాగస్వామ్యంతో జరిగిన పునర్నిర్మాణమని నివేదికల్లో వ్రాసుకుంటే, న్యాయశాస్త్రం చదివినవాడిగా నేను ఒప్పుకోలేను.

గంజాం తీరంలోను, పూరీ పట్టణపు పెంటకటలోను తరతరాలుగా స్థిరపడిన తెలుగు మత్స్యకారుల సంగతి మన పాఠకులకు కొత్తది కాదు. ఇరుగుపొరుగువారు వారిని నోలియాలంటారు. వారి ఇళ్ళలో పలికేది తెలుగే. 2013 అక్టోబరు 12 రాత్రి పైలీన్ తుఫాను గోపాలపురం సమీపంలో తీరం దాటింది. 2019 మే 3న ఫణి తుఫాను పూరీ వద్ద విరుచుకుపడింది. రెండుసార్లూ ముందుగా దెబ్బ తిన్నది అలల అంచున ఉన్న ఈ వాడలే.

ఒడిశా ప్రభుత్వం చేసిన మేలును మరచి మాట్లాడడం ధర్మం కాదు. 1999 అక్టోబరు నాటి మహాతుఫానులో దాదాపు పదివేలమంది మరణించారు. ఆ గుణపాఠంతో విపత్తు నిర్వహణకు ప్రత్యేక సంస్థ ఏర్పడింది. పైలీన్ నాడు దాదాపు పది లక్షలమందిని ముందుగానే తరలించడం వల్ల మరణాలు పదుల సంఖ్యకు పరిమితమయ్యాయి. ప్రపంచ బ్యాంకు ఋణంతో గంజాం తీరంలో పక్కా ఇళ్ళు లేచాయి. మురికివాడల నివాసులకు భూమి హక్కు కల్పిస్తూ 2017లో చట్టం వచ్చింది. ఆ హక్కు వారసులకు సంక్రమిస్తుంది. దంపతులైతే పత్రం ఇద్దరి పేరనా ఉంటుంది. ఇవన్నీ మెచ్చదగినవే. కాని ప్రాణం కాపాడడం వేరు, బ్రతుకును తిరిగి నిలబెట్టడం వేరు. మొదటిదానికి సైరను చాలు. రెండవదానికి సంభాషణ కావాలి.

మత్స్యకారునికి ఇల్లంటే నాలుగు గోడలు కాదు. వల ఆరవేసి బాగుచేసుకునే చోటు, చేపలు ఎండబెట్టే ఇసుక మేర, తెప్ప కనుచూపులో ఉండే దూరం, ఇవన్నీ కలిస్తేనే ఇల్లు. చేపలు ఎండబెట్టేదీ, గంప నెత్తికెత్తుకొని అమ్మేదీ ఆడవారే. ఎండుచేపల కళ్ళం ఎక్కడ ఉండాలో, కొళాయి ఏ మూల పడాలో ఇంజనీరుకన్న వారికే ఎక్కువ తెలుసు. సమావేశం వారికి రాని భాషలో సాగితే వారు వెనుక వరుసలో మౌనంగా కూర్చుంటారు. ఆ మౌనం కాగితం మీద సమ్మతిగా నమోదవుతుంది. ఆ తరువాత ప్రతిదినం సముద్రానికీ ఇంటికీ మధ్య మోసే బరువు, పెట్టే బస్సు చార్జీ ఎవరి లెక్కలోకీ రావు.

"వారంతా బజారులో ఒడియా మాట్లాడుతారు కదా, ఇబ్బందేమిటి?" అని ఒక అధికారి నన్ను అడిగారు. బేరమాడే భాష వేరు, దస్తావేజు భాష వేరు. చేపకు ధర చెప్పగలిగినంత మాత్రాన "వారసత్వముగా సంక్రమించును, అన్యాక్రాంతము చేయరాదు" వంటి షరతు అర్థమవుతుందా? తీరం నుండి నా వద్దకు వచ్చే కుటుంబాలలో తమ చేతిలోని కాగితం పట్టాయో, కేవలం రసీదో చెప్పలేనివారు ఎందరో. ఇది అజ్ఞానం కాదు, అనువాదం అందకపోవడం.

చట్టం మన పక్షాన లేదా? ఉంది. దేశంలో గాని రాష్ట్రంలో గాని వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా, ఏ అధికారికైనా తన కష్టం విన్నవించుకునే హక్కును రాజ్యాంగపు 350వ అధికరణం ప్రతి వ్యక్తికీ ఇచ్చింది. అది అధికార భాష కానక్కరలేదు. జిల్లాలో గాని, దానికి దిగువనున్న ప్రాంతంలో గాని 15 శాతానికి తగ్గకుండా మాట్లాడే భాషలోకి ముఖ్యమైన నిబంధనలను, ప్రకటనలను అనువదించాలని భాషా అల్పసంఖ్యాకుల రక్షణల పథకం చెబుతోంది. కాని 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం 61వ సెక్షనును చూడండి. సహాయంలో లింగ, కుల, సమూహ, వంశ, మత వివక్షను నిషేధించిన పార్లమెంటు అక్కడ "భాష" అన్న మాట చేర్చలేదు. ఆ ఖాళీలోనే మనవారి ఇళ్ళు జారిపోతున్నాయి.

ఒడియా సోదరులకు ఒక మాట. 1936 ఏప్రిల్ 1న మీ రాష్ట్రం ఎందుకు ఏర్పడింది? పరాయి భాషల కచేరీల్లో ఒడియావారి మొర వినేవారు లేకనే కదా! ఆనాడు మదరాసు ఏలుబడి నుండి గంజాం మీలో చేరింది కూడ ఆ న్యాయం మీదనే. మీ పూర్వులు కోరిన న్యాయాన్నే మేము కోరుతున్నాము. అంతకు మించి ఒక్క అంగుళం కూడ కాదు.

మన సంఘాలకూ ఒక మాట. ఉగాది సభలతో, కవి సమ్మేళనాలతో మాతృభాష ఋణం తీరదు. తీరపు వాడలో పట్టా చదివి వినిపించే కార్యకర్త ఒకడు లేనప్పుడు ఆ వేదికలు ఎవరి కోసం?

మన కోర్కెలు నాలుగే. సర్వే పత్రాలు, జాబితాలు, పట్టాలు ఒడియాతోపాటు తెలుగులోనూ ఇవ్వాలి. ఏ కాలనీ పటమైనా వాడలో తెలుగులో చదివి వినిపించి, ఆడవారి అభ్యంతరాలను నమోదు చేసిన తరువాతనే ఆమోదించాలి. తుఫాను హెచ్చరికలకే కాక తుఫాను అనంతర సమావేశాలకూ దుబాసీని నియమించాలి. 61వ సెక్షనులో "భాష" చేరాలి.

ఇవి నెరవేరేవరకు చేతులు ముడుచుకొని కూర్చోనక్కరలేదు. మీ అర్జీని తెలుగులోనే వ్రాయండి. పైన 350వ అధికరణాన్ని ఉదహరించండి. నకలు మీద కచేరీ ముద్ర, తేదీ వేయించుకోండి. తీసుకోమంటే, ఎందుకు తీసుకోరో వ్రాసి ఇమ్మనండి. అర్థం కాని కాగితం మీద మాత్రం ఎవరు ఎంత తొందరపెట్టినా వేలిముద్ర వేయకండి.